సి పక్కన బాణం గుర్తు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు పది రోజుల కిందట ఫోను చేసి, "ఈసారి మీరు ఓ ఇరవై నిమిషాలు మాట్లాడాలండీ" అన్నారు. దేని గురించి అని అడిగాను. "కంప్యూటరు గురించి. మన సంఘం లెక్కలు కంప్యూటరులో రాసేది మీరే కదా" అన్నారు. నాకు ముందు డాక్టరు గారు రక్తపోటు గురించి, నా తరువాత ఉపాధ్యక్షులు కరువు భత్యం బకాయిల గురించి మాట్లాడతారట. ఆ రెండింటి మధ్య నా మాట ఎవరు వింటారని సందేహించాను. అయినా ఒప్పుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైబడి నా మనసులో ఉండిపోయిన సంగతి ఒకటి ఉంది. అది మన వాళ్ళ ముందే చెప్పుకోవాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. అదీ కంప్యూటరు సంగతే.

ఇవాళ కంప్యూటరు తెరిస్తే రంగురంగుల బొమ్మలు కనబడతాయి. వెనకటి రోజుల్లో అలా కాదు. నల్లటి తెర. ఎడమ పక్కన సి అనే ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన బాణం మొన లాంటి ఒక గుర్తు, ఆ పక్కన మిణుకు మిణుకుమనే చిన్న గీత. అంతే. దీనినే ప్రాంప్టు అంటారు.

ఈ మాట మనకు కొత్త కాదు. మనలో ఎన్.జి.ఓ.ల నాటక పోటీలలో వేషాలు వేసిన వారు ఉన్నారు. తెర పక్కన పుస్తకం పట్టుకుని నిలబడి, పాత్రధారి మాట మరచిపోతే మెల్లగా అందించే మనిషిని ఏమనేవారు? ప్రాంప్టరు అనేవారు. కంప్యూటరు ప్రాంప్టు చేసేదీ దాదాపు అదే. "నాకు అప్పగించిన పని అయింది. ఇక మీ మాట చెప్పండి" అని అది మనకు సైగ చేస్తుంది. మనం ఆజ్ఞ టైపు చేసి ఎంటరు మీట నొక్కితే ఆ పని చేసి, మళ్ళీ ప్రాంప్టు చూపి నిలబడుతుంది. పిలిస్తే పలికే బిళ్ళ బంట్రోతు అనుకోండి.

అయితే నాటకంలో ప్రాంప్టరు మాట తప్పు అందిస్తే, లేక సగం మాటే అందిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. రెండవ అంకంలో చెప్పవలసినది మొదటి అంకంలో చెప్పేస్తాము. నా విషయంలో జరిగినదీ అదే.

కొంచెం చరిత్ర మనవి చేస్తాను. ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరు 1981 ఆగస్టులో వచ్చింది. దానిని నడపడానికి మైక్రోసాఫ్ట్ వారు డాస్ అనే ప్రోగ్రాము సమకూర్చారు. ఆ మొదటి యంత్రానికి ఫ్లాపీలే ఆధారం. ఫ్లాపీ మీద ఫైళ్ళన్నీ ఒకే అరలో పడి ఉండేవి. కాబట్టి ఏ డ్రైవులో ఫ్లాపీయో, బి డ్రైవులో ఫ్లాపీయో చెబితే చాలు, మనం ఎక్కడ ఉన్నదీ తెలిసిపోయేది. తరువాత 1983లో హార్డ్ డిస్కు ఉన్న యంత్రం, దానితో పాటు డాస్ రెండవ వెర్షను వచ్చాయి. అప్పటి నుంచి అరలు, అరలలో మళ్ళీ అరలు చేసుకునే వీలు కలిగింది. వాటిని అప్పుడు డైరెక్టరీలు అనేవారు, ఇప్పుడు ఫోల్డర్లు అంటున్నారు. ప్రాంప్టును మన ఇష్టప్రకారం మార్చుకునే ఆజ్ఞ కూడా ఆ రెండవ వెర్షనులోనే వచ్చింది. కానీ ఎవరూ మార్చకపోతే అది పాత పద్ధతిలోనే సి, బాణం అని మాత్రమే చూపేది. రికార్డు రూములో ఇరవై బీరువాలు ఉన్నాయి. మనం ఏ బీరువా ముందు ఉన్నామని అడిగితే, "రికార్డు రూములో ఉన్నారు బాబూ" అని మాత్రమే చెప్పినట్టు.

ఇక నా సంగతికి వస్తాను.

1992లో నేను ఒక జిల్లా కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో సీనియర్ అసిస్టెంటుగా ఉండేవాడిని. కార్యాలయం పేరు చెప్పను. ఆ ఏడు మాకు ఒక కంప్యూటరు మంజూరైంది. దానికొక గది, గదికొక ఏ.సి., గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాలన్న నియమం. మా హెడ్ గుమాస్తా గారు కొబ్బరికాయ కొట్టి మానిటరుకు కుంకుమ బొట్టు పెట్టారు. దానిని ముట్టుకోవడానికి అందరూ జంకుతుంటే, టైపు హయ్యరు పాసయ్యానన్న ధీమాతో నేను ముందుకు వచ్చాను. అప్పటికి నాకు నలభై రెండేళ్ళు. నాకు సాయంగా దినవేతనం మీద ఒక కుర్రవాడిని వేశారు. డిప్లొమా చదివాడు. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. నన్ను గురువుగారూ అని పిలిచేవాడు గాని, నిజానికి నాకు కంప్యూటరు నేర్పిన గురువు అతడే.

మాకు అప్పగించిన పని, రాబోయే రెండేళ్ళలో రిటైరయ్యే ఉద్యోగుల సర్వీసు వివరాలు ఎక్కించడం. చేరిన తేదీ, ఇంక్రిమెంట్లు, సెలవుల లెక్క, మధ్యలో ఉన్న విరామాలు, నామినీ పేరు, అన్నీ. సర్వీసు రిజిస్టర్లు ఎలా ఉండేవో మీకు నేను చెప్పనక్కర లేదు. అట్టలు ఊడినవి, చెదలు తిన్నవి, సిరా కారి తేదీ చెరిగినవి. ఒక్కొక్క రిజిస్టరుకు సగం రోజు పట్టేది. పింఛను ప్రతిపాదనలు ఆలస్యం కాకూడదని మొదలుపెట్టిన పని అది. రెండు నెలలలో 140 మంది వివరాలు ఎక్కించాము.

ఆ కుర్రవాడు ఒకనాడు, "గురువుగారూ, ఈ ప్రాంప్టు మారుద్దామండీ. ఒక్క లైను కలిపితే మనం ఏ డైరెక్టరీలో ఉన్నామో ఎప్పుడూ ఎదురుగా కనబడుతుంది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. "ఎందుకయ్యా దానికి అంత తోక? అలా పెడితే ఫ్లాపీ డ్రైవులోకి వెళ్ళినప్పుడల్లా అది ఫ్లాపీ కోసం వెతుక్కుంటుందట కదా. ఉన్నది ఉన్నట్టు ఉండనీ" అన్నాను. నేను చెప్పినది అబద్ధం కాదు. అలా పెట్టాక ఫ్లాపీ తీసేస్తే, ప్రాంప్టు చూపడానికే ఆ యంత్రం ఫ్లాపీ కావాలని గోల పెట్టేది. కానీ అసలు కారణం అది కాదు. చిన్నవాడు చెప్పాడు, పెద్దవాణ్ణి నేను వినడమేమిటన్నది అసలు కారణం.

ఒక శుక్రవారం సాయంత్రం కుర్రవాడు లాగు బుక్కులో సంతకం పెట్టి ఇంటికి వెళ్ళాడు. నేను పర్మనెంటు వాడిని కాబట్టి ఆ పుస్తకంలో ఎప్పుడూ సంతకం పెట్టేవాడిని కాదు. ఆ రోజు డిస్కులో చోటు చాలడం లేదు. టెంపు అనే డైరెక్టరీలో పనికిరాని నమూనా ఫైళ్ళు చాలా పేరుకున్నాయి. వాటిని తీసేద్దామని కూర్చున్నాను. పెన్షను డైరెక్టరీ నుంచి టెంపు డైరెక్టరీకి వెళ్ళే ఆజ్ఞ టైపు చేశాను. హయ్యరు పాసయిన చేతివేళ్ళు ఆ రోజు ఒక అక్షరం అటుదిటు చేశాయి. అలాంటి డైరెక్టరీ లేదని యంత్రం జవాబు ఇచ్చింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మాట్లాడి వచ్చి, అలవాటు చొప్పున తెర తుడిచే ఆజ్ఞ కొట్టాను. యంత్రం ఇచ్చిన జవాబు కాస్తా తుడుచుకుపోయింది. తెర మీద మిగిలినది ఒక్కటే. సి, పక్కన బాణం.

నేను టెంపులో ఉన్నాననుకున్నాను. ఉన్నది పెన్షనులో. ఉన్న ఫైళ్ళన్నీ తీసెయ్యమని ఆజ్ఞ ఇచ్చాను. ఖాయమేనా అని యంత్రం ఒక్కసారి అడిగింది. అవును అని కొట్టాను. డిస్కు చిన్నగా గరగరమంది. మళ్ళీ సి, పక్కన బాణం. ఏమీ జరగనట్టే ఉంది.

రెండు నిమిషాల తరువాత సంగతి తెలిసింది. కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. డాస్‌లో ఫైలు తీసేస్తే నిజంగా అందులోని సమాచారం వెంటనే పోదు. ఫైళ్ళ పట్టికలో ఆ పేరు మొదటి అక్షరం స్థానంలో ఒక ప్రత్యేక గుర్తు వేసి, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది. మనం రిజిస్టరులో ఒక ఎంట్రీ మీద అడ్డగీత గీసినట్టు. ఆ చోట కొత్తది రాయకుండా ఉంటే, తెలిసినవాడు వచ్చి మొదటి అక్షరం తిరిగి వేసి ఫైలును బ్రతికించవచ్చు. అందుకు ప్రోగ్రాములు అప్పటికే ఉన్నాయి. అంటే నేను చేయవలసినది ఒక్కటే. ఏమీ ముట్టుకోకుండా యంత్రం కట్టేసి, ఇలా జరిగిందని పై వారికి చెప్పడం.

నేను అది చేయలేదు. బీరువాలో రెండు నెలల నాటి నకలు ఫ్లాపీలు ఉన్నాయి. డైరెక్టరీ ఖాళీగా కనబడకూడదని, ఆ పాత ఫైళ్ళను తెచ్చి అదే డైరెక్టరీలోకి ఎక్కించాను. అవి వెళ్ళి ఖాళీ అని రాసుకున్న ఆ చోటులోనే కూర్చున్నాయి. బ్రతకగలిగిన ఫైళ్ళు దానితో నిజంగా చచ్చాయి. ఫైళ్ళు తీసేయడం పొరపాటు. దానిని కప్పిపుచ్చడం పొరపాటు కాదు, తెలిసి చేసిన పని. తిరిగి రాకుండా చేసినది ఆ రెండవదే.

సోమవారం నాడు బయటపడింది. ఆఫీసరు గారు లాగు బుక్కు తెప్పించారు. చివరి సంతకం కుర్రవాడిది. రేపటి నుంచి పనిలోకి రావద్దని అతనికి చెప్పారు. అతను నా వైపు ఒకసారి చూశాడు. నేను సర్వీసు రిజిస్టరు తిరగేస్తూ కూర్చున్నాను. ఆ సోమవారం, మంగళవారం నేను నోరు విప్పలేదు. దినవేతనం వాడు, చిన్నవాడు, ఇంకొక చోట పని దొరుకుతుంది, నాకు ఇద్దరు పిల్లలు అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మంగళవారం రాత్రి అన్నం వడ్డిస్తూ మా ఆవిడ, "ఆ కుర్రాడు మొన్న మన ఇంట్లో ఆవకాయ అన్నం తిని వెళ్ళాడు కదండీ. వాళ్ళమ్మకు ఒంట్లో బాగుండలేదన్నాడు. ఎలా ఉందట?" అని అడిగింది. ఆమెకు ఏమీ తెలియదు. ఊరికే అడిగింది. ఆ పూట నేను అన్నం తినలేకపోయాను.

బుధవారం ఉదయం నోటు ఫైలు తెరిచి, జరిగినది జరిగినట్టు రాసి, కింద సంతకం, తేదీ వేసి ఆఫీసరు గారి బల్ల మీద పెట్టాను. సర్వీసులో కొన్ని వేల నోట్లు రాశాను. నావి అని చెప్పుకోదగిన వాక్యాలు ఆ ఒక్క పేజీలోనే ఉన్నాయి. ఫలితం మీరు ఊహించగలరు. మెమో వచ్చింది. సంజాయిషీ ఇచ్చాను. తదుపరి ఇంక్రిమెంట్ల మీద ప్రభావం లేకుండా ఒక వార్షిక ఇంక్రిమెంటు నిలుపుదల. ఎర్ర సిరాతో నా సర్వీసు రిజిస్టరులో ఆ ఎంట్రీ పడింది. అన్యాయం జరిగిందని నేను ఏనాడూ అనుకోలేదు.

కుర్రవాడిని తిరిగి పిలిపించారు. వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చాడు. ఒక్క మాట అనలేదు. ఇద్దరమూ ఆఫీసు అయ్యాక రాత్రి పదకొండు దాకా కూర్చుని, పోయిన వివరాలు మళ్ళీ ఎక్కించాము. మొదటి రాత్రి పని మొదలుపెట్టే ముందు అతను, "గురువుగారూ, ఆ లైను ఇప్పుడు కలపమంటారా?" అన్నాడు. "కలుపు నాయనా" అన్నాను. యంత్రం వెలిగించగానే తనంతట తాను చదువుకునే ఫైలు ఒకటి ఉంటుంది. అందులో ఆ లైను కలిపాడు. ఆ రాత్రి నుంచి మా తెర మీద వట్టి సి పోయి, పెన్షను డైరెక్టరీలో ఉంటే "సి:\పెన్షన్>" అనీ, టెంపులో ఉంటే "సి:\టెంప్>" అనీ ఇంగ్లీషు అక్షరాలలో కనబడసాగింది.

ఎంత శ్రమపడినా కొందరి కాగితాలు ఆలస్యమయ్యాయి. వారిలో మా నైట్ వాచ్‌మన్ ఒకరు. రిటైరయిన నాలుగు నెలలకు గాని ఆయనకు మొదటి పింఛను అందలేదు. ఒకటో తారీకు వచ్చిందంటే వరండాలో బల్ల మీద వచ్చి కూర్చునేవాడు. ఎవరో ఆయనకు కంప్యూటరు పాడయిందని చెప్పారు. నన్ను చూసి లేచి నిలబడి, "బాబుగారూ, కంప్యూటరు గారికి నయమైందాండీ?" అని అడిగేవాడు. అందరూ నవ్వేవారు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆయన ఇప్పుడు లేరు. పాడయినది కంప్యూటరు కాదని ఆయనకు చెప్పలేకపోయాను. ఆ మాట ఇవాళ మీకు చెబుతున్నాను.

ఇంతకూ ఆ లైను ఏమిటో చెప్పాలి కదా. ఇప్పటికీ అది పనిచేస్తుంది. మీ ఇంట్లో విండోస్ కంప్యూటరు ఉంటే మీ మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకుని చేసి చూడండి.

విండోస్ మీట నొక్కి, సి, ఎమ్, డి అనే మూడు అక్షరాలు కొట్టి ఎంటరు నొక్కితే పాత కాలపు నల్లటి తెర తెరుచుకుంటుంది. అక్కడ ప్రాంప్టు అనే ఇంగ్లీషు మాట కొట్టి, ఒక ఖాళీ వదిలి, డాలరు గుర్తు, పి అక్షరం, మళ్ళీ డాలరు గుర్తు, జి అక్షరం కొట్టండి. ఇదే మా కుర్రవాడు కలిపిన లైను. డాలరు గుర్తుకు అర్థం, తరువాతి అక్షరాన్ని అక్షరంగా చూపవద్దు, దాని పని చెయ్యి అని. పి అంటే ఏ డ్రైవులో ఏ ఫోల్డరులో ఉన్నామో చూపు. జి అంటే బాణం గుర్తు చూపు. ఇప్పటి విండోస్‌లో మామూలుగా వచ్చే ప్రాంప్టు ఇదే కాబట్టి తేడా కనబడదు. పి బదులు ఎన్ పెట్టి చూడండి. మా ఆఫీసు నాటి వట్టి సి, బాణం ప్రత్యక్షమవుతుంది.

మరికొన్ని అక్షరాలు ఉన్నాయి. డాలరు గుర్తు తరువాత డి కొడితే తేదీ. టి కొడితే సమయం. వి కొడితే వెర్షను. అండర్‌స్కోరు గీత కొడితే కొత్త లైను. మనం పంపే ఏ ఉత్తరం మీదనైనా నంబరు, తేదీ లేకుండా పంపుతామా? తేదీ లేని నోటు చెల్లుతుందా? అలాగే అనుకుని నేను మొదటి వరుసలో తేదీ, సమయం, రెండవ వరుసలో ఫోల్డరు దారి పెట్టుకున్నాను. అయితే ఆ సమయం గోడ గడియారం లాగా నడవదు. ప్రాంప్టు కనబడిన క్షణానికి ఎంతయిందో అంతే. హాజరు పట్టీలో వేసిన టైము లాంటిది. పైగా సెకన్లు, సెకనులో నూరవ వంతులు కూడా చూపిస్తుంది. మనకెందుకు అంత? డాలరు గుర్తు, హెచ్ అక్షరం కలిపి కొడితే వెనక్కి ఒక అక్షరం చెరుపుతుంది. టి తరువాత ఆ జంటను ఆరుసార్లు కొడితే గంటలు, నిమిషాలు మాత్రమే మిగులుతాయి.

మామూలు మాటలు కూడా పెట్టుకోవచ్చు. నేను డాలరు-పికి ముందు ఇంగ్లీషు అక్షరాలలో "ఎక్కడున్నావు" అని పెట్టుకున్నాను. ప్రతి ఆజ్ఞకు ముందు నా కంప్యూటరు నన్ను ఎక్కడున్నావని అడిగి, జవాబు కూడా తానే చెబుతుంది.

ఏదైనా తికమక అయితే భయం లేదు. వట్టి ప్రాంప్టు అనే మాట కొట్టి ఎంటరు నొక్కితే మొదటి స్థితికి వస్తుంది. ఆ తెర మూసేసినా పోతుంది. శాశ్వతంగా ఉండాలంటే ముందు సెట్‌ఎక్స్ అనే మాట, ఖాళీ, ప్రాంప్టు అనే మాట, ఖాళీ, ఆ తరువాత మనం ఎంచుకున్న గుర్తులు కొట్టాలి. మధ్యలో ఖాళీలు ఉంటే ఆ గుర్తులన్నిటినీ కొటేషను మార్కులలో పెట్టాలి. అది తరువాత తెరిచే తెరల నుంచి అమలులోకి వస్తుంది. మన జి.ఓ.ల లాగా వెనుకటి తేదీ నుంచి అమలు కాదు.

ఇదంతా ముసలివాడి చాదస్తమని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించేది. మా మనవరాలు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు తన ల్యాప్‌టాప్ తెరిచి ఏదో పని చేసుకుంటుంటే వెనక నిలబడి చూశాను. నల్లటి తెర! ఒక తెరలో ప్రాంప్టు ఆకుపచ్చగా, ఇంకొక తెరలో ఎర్రగా ఉంది. "ఏమిటమ్మడూ ఇది?" అని అడిగాను. "ఆకుపచ్చది పరీక్షలకు పెట్టుకున్న సర్వరు తాతయ్యా. ఎర్రది జనం నిజంగా వాడే సర్వరు. ఎర్రది కనబడితే చెయ్యి కొంచెం ఆగుతుంది" అంది. వాళ్ళు వాడేది లినక్స్. అందులో డాలరు-పి బదులు వేరే గుర్తులు, ప్రాంప్టును దాచుకునే చోటుకు పి.ఎస్.1 అని పేరు. మామూలు వాడుకరికి ప్రాంప్టు చివర డాలరు గుర్తు, సర్వాధికారాలు ఉన్నవాడికి నంబరు గుర్తు వస్తుందట. అంటే నీవు ఎక్కడ ఉన్నావన్నదే కాదు, ఏ హోదాలో ఉన్నావన్నది కూడా చెబుతుంది.

అప్పుడు ఆమెకు నా 1992 నాటి కథ చెప్పాను. మా ఇంట్లో మా ఆవిడ తరువాత విన్నది ఆమే. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నీవొక్కడివే కాదు తాతయ్యా" అని ఒక సంగతి చెప్పింది. గిట్‌ల్యాబ్ అని, ప్రోగ్రాములు రాసేవారు తమ పనిని భద్రపరచుకునే పెద్ద సంస్థ ఒకటి ఉంది. 2017 జనవరి 31న అక్కడ ఒక ఇంజనీరు రాత్రి వేళ పని చేస్తున్నాడు. రెండు సర్వర్లు. ఒకటి అసలు, రెండవది దాని నకలు. నకలు సర్వరులో ఒక ఫోల్డరును ఖాళీ చేయబోయి, అసలు సర్వరులో ఆజ్ఞ కొట్టాడు. ఒకటి రెండు సెకన్లలో తెలుసుకుని ఆపాడు. అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర గిగాబైట్లే మిగిలాయి. భద్రత కోసం పెట్టుకున్న నకళ్ళ ఏర్పాట్లు చాలా వరకు పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది. ఆరు గంటల కిందట తీసిన ఒక నకలు మాత్రం దక్కింది. ఆ ఆరు గంటల పని పోయింది.

తరువాత వారు విచారణ నివేదిక రాసి లోకానికి వెల్లడించారు. ఇక మీదట చేయవలసిన పనుల జాబితా ఇచ్చారు. అందులో ఒక అంశం, ఏ సర్వరులో ఉన్నదీ తేలికగా గుర్తుపట్టేలా అన్ని యంత్రాలలోనూ ప్రాంప్టును మార్చాలని. అది విని నేను కాసేపు మాట్లాడలేకపోయాను. 1992లో మా కుర్రవాడు చెప్పిన మాట, 2017లో అంత పెద్ద సంస్థ తన నివేదికలో రాసుకుంది. ఒక తేడా ఉంది. వారు ఆ పొరపాటును దాచలేదు. తిరిగి బాగుచేస్తున్నంతసేపూ ఏం జరుగుతున్నదో బహిరంగంగా చెబుతూనే ఉన్నారు. ఆ ఇంజనీరు పేరు బయటపెట్టి బలి ఇవ్వలేదు. నాకు నోరు విప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఒక చిన్నవాడు నా బదులు దోషిగా ఉన్నాడు.

మీలో చాలామందికి నల్లటి తెరతో పని పడదు. కానీ ఫోనుతో అందరికీ పని ఉంది. పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రం 2014 నుంచి కంప్యూటరు ద్వారా కూడా ఇస్తున్నాము, ఇప్పుడు ఫోనులో ముఖం చూపి ఇస్తున్నాము. బ్యాంకు పనీ ఫోనులోనే. అక్కడ కూడా ఖాయమేనా అని ఒక్కసారి అడుగుతుంది. అవును అని నొక్కే ముందు కళ్ళజోడు సవరించుకుని చూడండి. తెర మీద ఉన్నది మన ఖాతాయా, మన ఆవిడ ఖాతాయా? పైన ఉన్న పేరు మన బ్యాంకుదేనా? తొందరపెట్టే ఫోను ఏదైనా వస్తే పెట్టేయండి. ఒకవేళ పొరపాటు జరిగితే, దానిని సర్దడానికి ఒంటరిగా ఇంకేమీ నొక్కకండి. వెంటనే పిల్లలకో బ్యాంకుకో చెప్పండి. పిల్లలు నవ్వుతారని దాచకండి. దాచినందువల్ల నేను పోగొట్టుకున్నది మీకు చెప్పాను.

పిల్లలకు కూడా ఒక మనవి. మీ తాతగారు ఏదో తప్పు నొక్కానని వచ్చి చెబితే ముందు నవ్వకండి, కోప్పడకండి. వచ్చి చెప్పడమే చాలా కష్టమైన పని.

ఇక ఆ కుర్రవాడి గురించి. తరువాత ఆయనకు వేరే శాఖలో పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. ఆయనకూ ఇప్పుడు రిటైర్మెంటు దూరం లేదు. ఏటా ఉగాదికి ఫోను చేస్తాడు. పేరు చెప్పవద్దన్నాడు కాబట్టి చెప్పను. ఈ ప్రసంగంలో ఏమి చెప్పబోతున్నానో ముందుగా ఆయనకు చదివి వినిపించాను. అంతా విని, "గురువుగారూ, ఆ ఫ్లాపీ డ్రైవు గురించి మీరన్న అభ్యంతరం సరైనదేనండీ. అది కూడా చెప్పండి" అన్నాడు. చెప్పాను.

వచ్చే ఏడు ఆయన మన సంఘంలో సభ్యుడుగా చేరతానన్నాడు. చందా పుస్తకంలో ఆయన పేరు నేనే ఎక్కిస్తాను. ఎక్కించే ముందు ఏ ఫోల్డరులో ఉన్నానో చూసుకుంటాను.